ఊపిరికి సరిపడా కథ

గూడ్సు బండి ఎంత పొడవుంటే కథ అంత పొడవుండాలి. రైల్వే గేటు దగ్గర ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. గేటు వేశానంటే అటూ ఇటూ జనం ఆగిపోయేవారు. లారీలవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, కూరగాయల బుట్టలవాళ్ళు, పారిపోవడానికి వీల్లేని జనం. అలాంటి శ్రోతలు మంత్రులకి కూడా దొరకరు. ఇంజను కనపడగానే కథ మొదలుపెట్టాలి, చివరి పెట్టె దాటేలోపు ముగించాలి. లేదంటే, గేటు లేవగానే కథనీ నన్నూ పట్టాల మీద వదిలేసి పోతారు.

"ఒకసారి వచ్చిన గూడ్సు ఎంత పొడవంటే," అనేవాణ్ణి, "ఇంజను వెళ్ళేటప్పుడు పెళ్ళికి పోతూ గేటు దగ్గర ఆగిన పెళ్ళికొడుకు, గార్డు పెట్టె దాటేసరికి మనవడి పెళ్ళికి అందుకున్నాడు." నమ్మినవాడు లేడు. నవ్వకుండా పోయినవాడూ లేడు. గాలివాన రోజైతే వేరే కథ. "బండి సోమవారం వెళ్ళిపోయింది, దాని కూత బుధవారం వచ్చింది. ఆ కూత కోసం మళ్ళీ గేటు వేశాను. రూలు రూలే కదా!"

తర్వాత గేటు తీసేసి పైన వంతెన కట్టారు. జనమంతా నా నెత్తి మీదుగా పోవడం మొదలుపెట్టారు. పింఛను ఇచ్చి నన్ను ఇంటికి పంపారు. కొన్నాళ్ళకి నా ఇల్లాలూ వెళ్ళిపోయింది. నా కథలన్నీ అబద్ధాలని తెలిసీ, ఒక్కదాన్ని కూడా మధ్యలో ఆపని మనిషి. పిల్లలు లేరు. ఒక చెల్లెలుంది, ఫోన్ చేస్తుంది. దానికి చెవుడు. తన మోకాళ్ళ సంగతంతా తను చెప్పేసుకుని, "సరే అన్నయ్యా, నువ్వు చెప్పింది బాగుంది" అని పెట్టేస్తుంది. నేనేమీ చెప్పి ఉండను.

అలాంటి రోజుల్లో జబ్బు వచ్చింది. పెద్దపేగులో పుట్టి, కాలేయానికి కాపురం మార్చిందట. పెద్ద డాక్టరు ఇంత మర్యాదగా చెప్పలేదు, మర్యాద నేను చేర్చాను.

"పూర్తిగా పోయేది కాదు పెద్దాయనా. మందు ఎక్కిస్తూ అదుపులో పెడదాం" అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"చూద్దాం."

గూడ్సు ఇంకా ఎంతసేపు అని అడిగినవాళ్ళకి నేనూ ఆ మాటే చెప్పేవాణ్ణి. కాబట్టి ఇంక అడగలేదు.

కీమో మందు ఒంట్లో పడ్డాక నా చేతులు నావి కాకుండా పోయాయి. చల్లటి ఇనుము తగిలితే ముళ్ళు గుచ్చినట్టు జివ్వుమనేది. దానికన్నా పెద్ద బాధ నీరసం. ఒళ్ళు అలిస్తే వచ్చే నీరసం వేరు, ఇది వేరు. మెట్ల మధ్యలో కూర్చుని, పైకి పోవాలా కిందికి పోవాలా అని ఆలోచించుకునే నీరసం. పడుకుంటే తగ్గేది కాదు. పడుకున్నకొద్దీ అది బలిసేది, నేను చిక్కేవాణ్ణి. డాక్టరుకి చెబితే, సైకిల్ తొక్కమని రాశాడు. నీరసమంటే సైకిల్ తొక్కమన్నాడు, రేపు తలనొప్పి అంటే గోడకేసి కొట్టుకోమంటాడు కాబోలు అనుకుంటూ వెళ్ళాను.

మందులెక్కించే వార్డు చివర, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన గది అది. గోడవారన మూడు సైకిళ్ళు. చక్రాలు లేవు, ఎంత తొక్కినా గది దాటవు. కిటికీలోంచి ఏసీ పెట్టెల వీపులు కనిపిస్తాయి. ఆ గదికి అధికారి ఒక ఫిజియో కుర్రాడు, మీసం రావాలా వద్దా అని ఇంకా తేల్చుకోని వయసు. నేను మొదటి రోజే అతనికి డ్రిల్లు మేష్టారని పేరు పెట్టాను.

"తాతగారూ, జబ్బుని తొక్కి చంపేద్దామని కాదు ఇది," అన్నాడు. "మందు పడుతున్నా కాళ్ళలో సత్తువ ఉండాలి, గుండెకి పని ఉండాలి, మీ బకెట్టు మీరే మోసుకోగలగాలి. అంతవరకే."

"ఎంత వేగం తొక్కాలి?"

"తొక్కుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం."

"నేను మంచం మీద పడుకునీ పాడలేను నాయనా."

"అయితే మాటే చాలు."

పిడి పట్టుకుంటే గుండె వేగం చూపించే యంత్రమే అది. కానీ ఆ చల్లటి పిడిని ఉత్త చేత్తో పట్టుకోలేక నేను ఉన్ని తొడుగులు వేసుకునేవాణ్ణి. తొడుగుల మీద నుంచి దానికి నా గుండె వినపడేది కాదు. అందుకని నాకు మాటే కొలత. పెద్ద వాక్యం ఒకటి తెగకుండా చెప్పగలిగితే మేష్టారు తొక్కుడు బరువయ్యేలా మీట బిగిస్తాడు, తెగితే వదులు చేస్తాడు. పూర్తిగా వదులు చేసినా తెగిందంటే దింపేసి ఇంటికి పంపిస్తాడు, కుర్చీలో కూర్చుని కాళ్ళు ఆడించుకోమని. కుర్చీ నా ఇంట్లోనూ ఉంది. దాని ఎదుట ఇంకో కుర్చీలో మనిషే లేదు.

మాట్లాడటమే వైద్యం అని చెప్పే చోటు ఒకటుందని నా జన్మలో అనుకోలేదు. మిగతావాళ్ళు ఆ గదికి బలం కోసం వచ్చేవారు. నేను దేనికోసం వెళ్ళేవాణ్ణో వేరే చెప్పాలా?

పక్క సైకిల్ దర్జీ అమ్మది. నా కూతురి వయసుంటుంది, ఉంటే గింటే. జుట్టు రాలిపోయిన తల మీద తను కుట్టుకున్న టోపీ, చెవుల పక్క చిన్న కుచ్చులతో. ఆవిడ జబ్బు వేరే చోట పుట్టింది. ఎక్కడని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. బతుకంతా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసిన మనిషి. నోరు తెరిస్తే సూది గొంతులో పడుతుంది. కాబట్టి కొలతలివ్వడానికొచ్చిన వాళ్ళ కష్టసుఖాలన్నిటికీ ఒకటే జవాబు, "ఊఁ". మందు వల్ల వేళ్ళు మొద్దుబారి, దుకాణం మూసి, సూదులు డబ్బాలో పెట్టేశాక కూడా పెదాలు మాత్రం తెరుచుకోలేదు.

మేష్టారు తల పట్టుకునేవాడు. "అమ్మా, ఊఁ అంటే మీకు ఆయాసం ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? ఒక వాక్యం చెప్పండి."

"ఏముంది చెప్పడానికి?"

"అదీ వాక్యమే. ఇంకొంచెం పెద్దది."

"ఇంకొంచెం పెద్దది చెప్పడానికి ఏముంది?"

నేను పడీ పడీ నవ్వాను. కథ చెప్పేవాడికి ఊకొట్టే మనిషి దొరకడమంటే, ఎండలో పడి వచ్చినవాడికి కుండ నీళ్ళు దొరకడమే. ఆవిడ ఊఁలో కూడా రకాలున్నాయి. నమ్మని ఊఁ, నవ్వు మింగిన ఊఁ, "తర్వాత?" అనే ఊఁ. నా పెళ్ళికొడుకు గూడ్సు విని ఆవిడ తొక్కడం ఆపేసి, "ఆ పెళ్ళికూతురేమైంది పాపం?" అంది. గేటు దగ్గర అన్నేళ్ళలో ఒక్కడికీ ఆ సందేహం రాలేదు. నాకూ రాలేదు. ఆ సందేహం తీర్చడానికి నేను పెళ్ళికూతుర్ని గూడ్సుకి అవతలి పక్క నిలబెట్టి, పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులోంచి చీటీలు విసిరించాల్సొచ్చింది.

అలా కొన్నాళ్ళు బాగా నడిచింది. మేష్టారు మీట బిగించాడు. నా గది మెట్లు నేను ఆగకుండా ఎక్కాను. కింద ఇంటి యజమాని చూసి, "మందు పనిచేస్తున్నట్టుందే!" అన్నాడు. "మందు కాదు బాబూ, మాట" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఆగి అడగనూ లేదు.

ఒక రోజు ఎప్పటి సైకిలే, ఎప్పటి మీటే. కథ మాత్రం సగం వాక్యంలో తెగింది. మేష్టారు అటు తిరిగి ఎవరికో తువ్వాలు ఇస్తున్నాడు. నేను దాన్ని దగ్గుగా మార్చేశాను. మర్నాడు ఇంకా ముందే తెగింది. గోళ్ళు చూసుకుంటే కాగితంలా పాలిపోయి ఉన్నాయి. దింపేస్తాడు, అనుకున్నాను. అంతకన్నా వేరే భయమేదీ రాలేదు, వచ్చి ఉండాల్సిందే.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. మేష్టారిది వాక్యం కొలిచే విద్య అయితే నాది వాక్యం కోసే విద్య. ఒక పెద్ద వాక్యాన్ని ముక్కలు చేశాను.

"బండి వచ్చింది." ఆగాను. కళ్ళు పెద్దవి చేశాను. "ఆగింది." మళ్ళీ ఆగాను. "ఎందుకాగింది?" అని దర్జీ అమ్మ వైపు వేలు చూపించాను. ఆవిడ ఊఁ అనేలోపు రెండు గుక్కల గాలి మింగాను.

మేష్టారు మురిసిపోయాడు. "ఏం తాతగారూ, ఈమధ్య చెప్పే తీరు అదిరిపోతోంది! సస్పెన్సు పెంచారు."

"అనుభవం నాయనా" అన్నాను. అదీ పొట్టి మాటే.

తొక్కే ముందు అతను రోజూ అడిగేవాడు. "జ్వరం ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా? ఆయాసం వస్తోందా?"

"నాకా!" అని నవ్వేవాణ్ణి. నవ్వడానికి కూడా ఊపిరి లెక్క చూసుకునేవాణ్ణి. ఇంటి దగ్గర మెట్ల మధ్య మళ్ళీ కూర్చోవడం మొదలైంది. ఈసారి కింద ఇంటాయన కంటపడకుండా గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

దర్జీ అమ్మ ఊఁలు తగ్గాయి. ఒక రోజు పూర్తిగా మానేసింది.

"పిట్టంత కథలు చెబుతున్నారేం బాబాయ్?"

"బట్ట తక్కువైతే... చిన్న చొక్కాయే కదమ్మా కుట్టేది."

"బట్ట ఎందుకు తక్కువైంది?"

నేను కిటికీలోంచి ఏసీ పెట్టెల్ని చూశాను. అవి చాలా ఆసక్తికరంగా ఉన్నాయి. ఆవిడ కాసేపు నా మొహం చూసి, తొక్కడం ఆపి, ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో పిలిచింది.

"మేష్టారూ! ఈయనకి ఆయాసం వస్తోంది. దాస్తున్నారు. మధ్యమధ్య ఆగుతున్నది కథ కోసం కాదు."

కుర్రాడు వచ్చి నా సైకిల్ ఆపాడు. మొహంలో మీసంతో పాటు నవ్వు కూడా లేదు. "తాతగారూ, బస్సు దిగిన దగ్గర్నుంచి మీ గదికి దారి చెప్పండి. ఎక్కడా ఆగకుండా."

ఎన్ని కథలు చెప్పినవాణ్ణి! సొంత ఇంటికి దారి ఒక లెక్కా! "బస్సు దిగి కుడి పక్కకి తిరిగి, చెప్పుల దుకాణం దాటాక, పాల బూతు దగ్గర..." అన్నాను. అక్కడ ఊపిరి అయిపోయింది. ఇంటికి ఇంకా రెండు సందులున్నాయి.

అతను నన్ను చెయ్యి పట్టుకుని దింపి, చక్రాల కుర్చీ తేవడానికి పరుగెత్తాడు. నేను దర్జీ అమ్మ వైపు తిరిగాను.

"నీ పని... కుట్టడమా, విప్పడమా?"

"తప్పుకుట్టు పడితే విప్పక తప్పదు బాబాయ్."

దానికి జవాబు నా దగ్గరుంది. ఊపిరే లేదు.

పరీక్ష చేస్తే నెత్తురు బాగా పడిపోయి ఉంది. పేగులో పుండు చడీచప్పుడు లేకుండా కారుతోందట. పెద్ద డాక్టరు కేకలేశాడు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే తొక్కి ఉంటే ఆ సైకిల్ మీంచే పడిపోయేవారు!"

"చక్రాల్లేని సైకిల్ మీంచి పడ్డ మొదటివాణ్ణి నేనే అయ్యేవాణ్ణి."

ఆయన నవ్వలేదు. ఎవరిదో నెత్తురు సంచుల్లో వచ్చి నాలోకి దిగింది. ఆ దాత నిజాలే చెప్పే మనిషైతే నా కథల గతేమిటి అని నర్సుతో అన్నాను. ఆవిడ గొట్టం సరిచేసి పక్క మంచానికి వెళ్ళిపోయింది. నా సైకిల్ని ఒక బస్సు డ్రైవరుకి ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాను. పుండుకి వైద్యం చేశారు, మందు కొన్నాళ్ళు ఆపారు. నాకు కుర్చీ, గోడ, నీళ్ళ కుళాయి మిగిలాయి. కుర్చీలో కూర్చుని మేష్టారు చెప్పినట్టే కాళ్ళు ఆడించేవాణ్ణి. ఊపిరి కొలుచుకోవాలిగా, గోడకి ఒక కథ చెప్పి చూశాను. గోడకి ఊఁ రాదు. చెల్లెలు ఫోన్ చేసి, మోకాళ్ళకి కొత్త నూనె రాస్తున్నానంది. "నాకు నెత్తురు ఎక్కించారే" అని అరిచాను. "అవునవును, ఎండలు ఎక్కువగానే ఉన్నాయి" అంది.

ఒక మధ్యాహ్నం ఫోన్ కంపెనీ వాళ్ళ నంబరుకి చేశాను. రికార్డు చేసిన ఆడగొంతు ఎంతో మర్యాదగా స్వాగతం చెప్పి, నా సమస్య ఏమిటో చెప్పమంది. చెప్పాను. గాలివానలో కూత వెనకపడిన కథ మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆఖర్న, "క్షమించండి, మాకు అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి" అంది. మళ్ళీ చెప్పమన్నవాళ్ళు దొరికారు కదా అని ఒక్క క్షణం సంతోషించినమాట నిజం. తర్వాత ఫోన్ పెట్టేసి, దాన్ని బోర్లించి, చాలాసేపు దాని వీపు చూస్తూ కూర్చున్నాను.

దర్జీ అమ్మ మీద కోపం మాత్రం పెంచాను, కుండీలో మొక్కని పెంచినట్టు, రోజూ నీళ్ళు పోసి. ఆవిడ నోరు తెరిచిందే ఒకసారి, అదీ నా చోటు పోగొట్టడానికి. పెంచడానికి ఇంకేమీ లేకపోతే మనిషి ఏదో ఒకటి పెంచుతాడు.

నెత్తురు కాస్త కూడుకున్నాక మళ్ళీ మందు మొదలుపెట్టారు. మేష్టారు వార్డులోకి వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. "సైకిళ్ళు ఖాళీ లేవు తాతగారూ. వరండాలో నడవండి. మెల్లగా, మాట్లాడుతూ. మాట తెగితే ఆ చివర బెంచీ మీద కూర్చోండి. దాచద్దు."

"మాట్లాడుతూ అంటే ఎవరితో నాయనా?"

అతను వరండా అంతా చూశాడు. "ఫోన్లో ఎవరితోనైనా..."

"ఆవిడకి నా సమస్య అర్థం కాలేదు" అన్నాను. అతనికి అదీ అర్థం కాలేదు.

నడిచాను. సైకిళ్ళ గది తలుపు గాలి కోసం తీసే ఉంటుంది. వరండా అటు చివర బెంచీ, ఇటు చివర నీళ్ళ యంత్రం, మధ్యలో ఆ తలుపు. లోపల నా సైకిల్ మీద డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పక్కన దర్జీ అమ్మ. టోపీ మారింది, మనిషి సగమైంది. నన్ను చూసిందో లేదో. నేను కూడా చూడనట్టే పోయాను. కానీ కాళ్ళతో పాటు నోరు కూడా కదలాలి కదా, మేష్టారి ఆజ్ఞ. తలుపు ముందుకి వచ్చినప్పుడు, ఎవరితోనూ కాకుండా, గాలితో అన్నట్టు అన్నాను.

"ఒకసారి ఒక గూడ్సు సిగ్నల్ పడక మా గేటు దగ్గరే నిలిచిపోయింది."

నీళ్ళ యంత్రం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. "పెరట్లో నా గుమ్మడి తీగ, పందిరి వదిలేసి, ఆ బండి చివరి పెట్టె పట్టుకుని ఎక్కింది."

బెంచీ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. లోపల తల ఎత్తిన అలికిడి లేదు. "సిగ్నల్ పడింది, బండి కదిలింది, తీగ వదల్లేదు. బండి ఎంత దూరం పోతే అది అంత దూరం సాగింది."

మళ్ళీ వచ్చాను. "మొదటి స్టేషన్లో పూత, రెండో స్టేషన్లో పిందె, మూడో స్టేషన్లో స్టేషన్ మాస్టరు నిచ్చెన వేసుకుని కాయలు కోసుకుంటున్నాడు, వేరు మాత్రం నా పెరట్లోనే ఉంది, నీళ్ళు పోసి చచ్చేది నేను!"

ఆ వాక్యం తెగలేదు. అంత పొడుగు వాక్యం, ఈ చివర నుంచి ఆ చివరకి, ఒక్క ఊపిరిలో. గెలిచినట్టు చుట్టూ చూశాను. ఒక ఆయా బకెట్టు తోసుకుంటూ పోతోంది. గోడ మీద చెప్పులు విడవమని బొమ్మ ఉంది. అంతే. నా ఊపిరి తిరిగొచ్చిందని తెలుసుకోవాల్సిన మనుషులెవరూ ఆ వరండాలో లేరు. పోయిన చోటు పోయినట్టే అని అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.

అయినా ఇంకొక్కసారి వచ్చాను. మొండితనం. "ఇంతలో ఫోన్ వచ్చింది. ఆ బండి... వెనక్కి... వస్తోందట."

మాట తెగింది. బెంచీ దాకా గోడ పట్టుకుని వెళ్ళి కూలబడ్డాను. మళ్ళీ లేవాలని కూడా అనిపించలేదు. లేచి ఎక్కడికి?

చెప్పుల చప్పుడు వినిపించింది. దర్జీ అమ్మ. తువ్వాలు మెడలో ఉంది, మొహం చెమట. వెనకాల మేష్టారు "అమ్మా, మధ్యలో దిగకూడదు!" అంటున్నాడు. నా ఎదుట నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బండి వెనక్కొస్తోందన్నారు. అంత తీగ ఏమైంది? సగంలో వదిలేసి ఇక్కడ కూర్చుంటే లోపల నేనేం చెయ్యాలి? ఆ డ్రైవరుకి నేనున్నట్టే తెలీదు, మేష్టారేమో మాట్లాడు మాట్లాడు అంటాడు, నాకేం మాటలొచ్చని, పోనీ మీతో పోట్లాడైనా నాలుగు మాటలు అందామంటే ఇన్నాళ్ళూ మీరే లేరు!"

"ఇదంతా... ఒక్క ఊపిరిలోనే... అన్నావా?"

"అన్నాను. ఏం?"

"మేష్టారు వింటే... మీట బిగిస్తాడు."

ఆవిడ నవ్వలేదు. నా పక్కన ఒక మనిషి చోటు వదిలి కూర్చుంది. "చెప్పండి. తీగ ఏమైంది?"

"ఉండమ్మా. ఆయాసం."

"దాస్తే మళ్ళీ చెప్పేస్తాను."

"చెబుదువుగాని."

ఆవిడ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుంది. నేను నోరు తెరుచుకుని, దగ్గుగా మార్చకుండా, గోడ వైపు తిరగకుండా, రొప్పాను. ఊపిరి తీరిగ్గా వస్తోంది, దానికి తొందరేముంది. ఆవిడ తొందరపెట్టలేదు.